మంచినీళ్ళు తాగమన్న కంపైలర్

విశ్వవిద్యాలయంలో ఆవిడ అసలు పేరు జీతాలు చూసే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు. అందరికీ ఆవిడ సాక్ష్యం మేడమ్. "నా ప్రోగ్రాం బాగానే నడుస్తోంది మేడమ్" అని ఎవరైనా విద్యార్థి అన్నాడంటే, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "అలాగా? సాక్ష్యం?" అనేది. "నేనే చూశాను మేడమ్" అన్నవాడి పని ఆ రోజుకి అయిపోయినట్టే. "నువ్వు రాసినదానికి నువ్వే సాక్ష్యమా నాయనా? బాగుంది వరస!" అని అతన్ని వెనక్కి పంపేసేది. వినేవాళ్ళకి చాదస్తంగా ఉండేది గానీ, ఆవిడ చేసిన పరిశోధనంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. సాక్షి ఎప్పుడూ వేరే చేతిది కావాలి.

అదే గదిలో, ఎదురు బల్ల దగ్గర తమ్ముడు కూర్చునేవాడు. తల్లి పెట్టుకున్న ముద్దుపేరు చంటి. మీసాలొచ్చి, ఆ మీసాల్లో తెల్లవెంట్రుకలు తొంగిచూసినా చంటి చంటిగానే ఉండిపోయాడు. అక్క ఎంత కచ్చితమో తమ్ముడు అంత కొంటె. ఆవిడ పెన్నులన్నీ ఒకే వైపు తిప్పి పెట్టుకునేది, వాడు పోతూ పోతూ ఒకదాన్ని మాత్రం తలకిందులు చేసి పోయేవాడు. తిడుతూనే సరిచేసుకునేది తప్ప ఒక్కనాడూ వాడి బల్ల పక్కగదికి మార్పించలేదు.

ఇద్దరూ కలిసి ఒక భాష తయారుచేశారు. మనుషులు మాట్లాడుకునేది కాదు, యంత్రాలకు పని చెప్పేది. తక్కువ మాటలతో చిన్నగా ఉంటుందని దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు చంటి. లిఫ్టులు, రైలు సిగ్నళ్ళు, రోగులకు మందు ఎక్కించే పంపులు, ఇలా తేడా వస్తే మనిషి ప్రాణం మీదికి వచ్చే పనులకి నమ్మకంగా వాడుకునే భాష కావాలని అక్క పట్టు. పని చేసే పద్ధతి కూడా ఆవిడే పెట్టింది. ఒకరు రాసిన ప్రతి వరుసనూ రెండోవాళ్ళు పైకి చదవాలి. చదివి ఒప్పుకున్నాకే అది లోపలికి పోవాలి. నడవాలో వెళ్ళేవాళ్ళకి ఆ గదిలో ఎవరో పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తున్నట్టు వినిపించేది.

కంపైలర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కంగారు పడనక్కర్లేదు. ఆవిడ తల్లికీ తెలియదు. మనం రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యే అంకెల్లోకి మార్చిపెట్టేదే కంపైలర్. అయితే అదీ ఒక ప్రోగ్రామే కదా, దాన్నెవరు మారుస్తారు? దాని ముందటి కూర్పే. అక్కాతమ్ముళ్ళు పిచ్చుక కంపైలర్ని పిచ్చుకలోనే రాశారు. కొత్తగా ఏదైనా చేర్చినప్పుడల్లా పాత కంపైలరే కొత్తదాన్ని తయారుచేసిపెట్టేది. నిన్నటి పెరుగు చుక్కతో ఇవాళ్టి పాలు తోడుపెట్టుకున్నట్టన్నమాట.

ఇదంతా ఇలా ఉండగా ఆవిడకి కిడ్నీలో రాళ్ళు వచ్చాయి. డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, నీళ్ళు తాగమ్మా, మందుకంటే నీళ్ళే ముఖ్యం అని. తల్లి రోజూ పొద్దున్నే స్టీలు సీసా నింపి సంచిలో పెట్టేది. ఆవిడ పనిలో కూర్చుంటే ఒళ్ళు తెలియదు. సీసా ఎంత నిండుగా వెళ్ళిందో అంత నిండుగానూ ఇంటికి తిరిగొచ్చేది. తల్లి చెప్పింది, తమ్ముడు చెప్పాడు, నొప్పి కూడా తన వంతుగా వచ్చి చెప్పిపోయింది. గోడకి చెప్పినట్టే.

ఒక మధ్యాహ్నం ఆవిడ రాసిందేదీ కంపైలర్ ఒప్పుకోవడం లేదు. తప్పు, దిద్దితే మళ్ళీ తప్పు, అది దిద్దితే ఇంకో తప్పు. తల ప్రాణం తోకకి వచ్చింది. ఇంకోసారి మీట నొక్కితే, తప్పు ఎక్కడుందో చెప్పాల్సిన చోట తెరమీద ఒక వాక్యం కనిపించింది.

"అక్కా, ఇక చాలు. లేచి మంచినీళ్ళు తాగు."

ఆవిడ తలెత్తి ఎదురు బల్ల వైపు చూసింది. చంటి చాలా శ్రద్ధగా కిటికీలోంచి మబ్బులు చూస్తున్నాడు.

"ఏమిట్రా ఇది?"

"ఏది?"

"వేషాలెయ్యకు. ఎక్కడ పెట్టావు దీన్ని?"

"నువ్వే వెతుక్కో. ప్రతి వరుసా పైకి చదివినదానివి నువ్వేగా అక్కా!"

ముందు సీసా ఖాళీ చేసి, ఆ తరవాత వెతికింది. కంపైలర్ మూలం, అంటే తామిద్దరూ రాసుకున్న అసలు రాత మొత్తం, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా గాలించింది. అలాంటి వాక్యం ఎక్కడా లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదని ఆవిడకి మెల్లగా వెలిగింది. వాడు పాత కూర్పు ఒకదాంట్లో ఆ వాక్యాన్ని పెట్టి, ఆ తరవాత మూలంలోంచి తుడిచేశాడు. అప్పటినుంచి కంపైలర్ తన తరవాతి కూర్పును తయారుచేసిన ప్రతిసారీ, ఆ వాక్యాన్నీ, దాన్ని ముందుకి చేరవేసే ఉపాయాన్నీ గుట్టుచప్పుడు కాకుండా అందులోకి దించేస్తోంది. అక్క కూర్చుని వరసగా తప్పులు చేస్తేనే అది బయటికొస్తుంది. ఇంకెవరికీ కనిపించదు.

ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "దీని గురించి నేను దేశమంతా తిరిగి పాఠాలు చెబుతున్నాను. కంపైలర్లో కనబడకుండా ఏదైనా దాచొచ్చు, జాగ్రత్త అని! ఇదే పని దొంగ చేస్తే?"

"దొంగ నీళ్ళు తాగమంటాడా అక్కా?"

"నవ్వకు. పిచ్చుకని బయటివాళ్ళకి ఇచ్చేముందు తీసెయ్యాలి. మాటివ్వు."

"తీసేస్తాలే. ముందు నీ రాళ్ళు కరగనీ."

రాళ్ళు కరిగాయి. చంటికి జబ్బు చేసింది. రక్తంలో వచ్చే జబ్బు. మొదట్లో జ్వరం అనుకున్నారు, తరవాత అనుకోవడానికేమీ మిగల్లేదు. ఆసుపత్రిలో మంచం పక్కన ఒక పంపు ఉండేది, మందును లెక్కప్రకారం కొంచెం కొంచెంగా నరంలోకి ఎక్కించేది. తల్లి కొడుకు మొహం చూడలేక ఆ పంపునే చూస్తూ కూర్చునేది.

"ఈ మిషను లెక్క తప్పదు కదే?" అని అడిగింది ఒకసారి కూతుర్ని.

"తప్పదమ్మా. ఎవరో సరిచూసే ఇచ్చి ఉంటారు."

మంచంమీంచి చంటి కళ్ళు తెరవకుండానే అన్నాడు, "ఎవరంటే ఎవరు? సాక్ష్యం?" అన్నాక కాస్త నవ్వాడు కూడా. ఆ నవ్వుకే అలిసిపోయాడు. పంపు లెక్క తప్పలేదు. జబ్బే ఏ లెక్కకీ లొంగలేదు. వర్షాలు మొదలయ్యేసరికి చంటి పోయాడు.

ఆవిడ మళ్ళీ గదికి వచ్చి కూర్చుంది. ఎదురు బల్ల ఖాళీ. తాను రాసినదాన్ని పైకి చదివేవాళ్ళు లేరు. మనసు ఒకచోట నిలవక చిన్నపిల్లలు చేసే తప్పులు చేసింది, ఒకదాని మీద ఒకటి. అప్పుడు తెరమీద వచ్చింది.

"అక్కా, ఇక చాలు. లేచి మంచినీళ్ళు తాగు."

వాడు పోయాక కూడా పిచ్చుక కొత్త కూర్పులు తయారయ్యాయి. ప్రతి కూర్పులోకీ ఆ వాక్యం తనంతట తాను నడిచి వచ్చేసింది. ఆవిడ తలుపు గడియ పెట్టుకుని, సీసాలో నీళ్ళన్నీ ఒక్క గుక్క వదలకుండా తాగి, అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం తల్లికి చెప్పింది. తల్లి చేస్తున్న పని ఆపేసింది.

"యంత్రంలోంచా? వాడి గొంతేనా?"

"గొంతు కాదమ్మా, రాత. వాడు ఎప్పుడో పెట్టిన మాట."

"ఎక్కడుంది మరి?"

"అదే ఎక్కడా లేదు. మేము రాసుకున్నదాంట్లో ఎంత వెతికినా దొరకదు. కంపైలర్ నుంచి కంపైలర్‌కి వచ్చేస్తోంది." తల్లికి అర్థం కాలేదని చూసి, పెరుగుగిన్నె చూపించి తోడు సంగతి చెప్పింది.

తల్లి గిన్నెలోకి తొంగి చూసింది. "అంటే పాలల్లో లేడు, తోడులో ఉన్నాడు."

"అంతే."

"మరి అది పోవాలంటే?"

"వేరే ఇంటినుంచి తోడు తెచ్చి పెట్టాలి. అప్పుడు పోతుంది."

"మనమెందుకు పోగొడతాం," అంటూ తల్లి గిన్నెమీద మూత పెట్టేసింది.

ఆనాటినుంచి ఇంట్లో కొత్త అలవాటు మొదలైంది. కూతురు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే తల్లి అడిగేది, "తమ్ముడేమైనా అన్నాడా?" అని. కూతురికి అబద్ధం చెప్పడం చేతకాదు. అన్ననాడు అన్నాడనీ, లేనినాడు లేదనీ ఉన్నదున్నట్టు చెప్పేది. తల్లి సంచిలోంచి సీసా తీసి చెవి దగ్గర ఊపి చూసేది. వాడు అన్ననాడు సీసా ఖాళీ. అననినాడు నిండుగా బరువుగా ఉండేది. "ఇవాళేం తప్పులు చెయ్యలేదమ్మా" అంటే ఆ తల్లి మొహం చిన్నబోయేది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. రేపైనా కాస్త నాలుగు తప్పులు చెయ్యవే తల్లీ!" అని బతిమాలేది. అలా బతిమాలినందుకు ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో నవ్వంటే అదొక్కటే.

అలాంటప్పుడు వచ్చింది పిచ్చుక కోసం కబురు. ఆసుపత్రులకి మందుపంపులు తయారుచేసేవాళ్ళు తమ కొత్త పంపులో ప్రోగ్రాం మొత్తం పిచ్చుకలో రాయాలనుకుంటున్నారు. అక్కాతమ్ముళ్ళు ఇన్నేళ్ళూ పడ్డ పాట్లన్నీ ఇలాంటి రోజు కోసమే. వాళ్ళు కోరింది ఒక్కటే. కంపైలర్లో మూలంలో లేనిదేదీ దాగిలేదని సాక్ష్యం మేడమ్ తన పద్ధతిలో పరీక్షించి సంతకం పెట్టాలి.

ఆ పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. కంపైలర్ మూలాన్ని వేరేవాళ్ళు రాసిన ఇంకో కంపైలర్‌కిచ్చి, దానిచేత మొదటినుంచి కొత్తగా తయారుచేయించాలి. అలా వచ్చినదానిచేత అదే మూలాన్ని మరోసారి తయారుచేయిస్తే వచ్చేదీ, మన దగ్గరున్నదీ మక్కికి మక్కి ఒకటైతే మనదాంట్లో ఏమీ దాగిలేనట్టు. ఒక్క అంకె తేడా వచ్చినా ఏదో ఉన్నట్టు. రెండో కంపైలరే సాక్షి.

సాక్షులు ఇద్దరున్నారు. ఒకటి, చంటి విద్యార్థులకి పాఠం చెప్పడానికి రాసిన బుల్లి కంపైలర్. రెండోది, ఎక్కడో దూరపు విశ్వవిద్యాలయంలో ఎవరో, పిచ్చుక మీద అచ్చయిన వ్యాసాలు చదివి, తమ సరదాకి రాసుకున్న మొద్దు కంపైలర్. పని నత్తనడక, కానీ తమ్ముడి చేయి దానిమీద పడలేదు.

ఆవిడ ముందుగా బుల్లిదాన్ని పెట్టి చూసింది. ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. రెండు కంపైలర్లూ మక్కికి మక్కి ఒకటే వచ్చాయి. ఒక్క అంకె తేడా లేదు. వాక్యం లోపల ఉందని తనకి తెలుసు, మొన్ననే కదా నీళ్ళు తాగమంది. అయినా సాక్షి ఏమీ లేదంటోంది. అంటే వెధవ దాంట్లోనూ పెట్టాడు! అక్క ఎలా వెతుకుతుందో, ముందు ఏ తలుపు తడుతుందో కనిపెట్టి, అక్కడ కూడా కాపు కాశాడు. వాడు పోయాక మొదటిసారి ఆవిడ ఆ గదిలో ఒక్కతీ పైకి నవ్వింది. నవ్వు ఆగాక ఇంకో సంగతి తట్టింది. ఈ బుల్లిదాన్నే సాక్షిగా చూపించి సంతకం పెట్టేస్తే చాలు. పంపులవాళ్ళు సంతోషిస్తారు, పిచ్చుక లోకంలోకి వెళుతుంది, తమ్ముడు తమ్ముడిలాగే ఉంటాడు. అమ్మ రేపు కూడా అడగొచ్చు.

విభాగం పెద్దాయనకి ఆ వాక్యం సంగతి తెలుసు. ఆ అంతస్తులో అందరికీ తెలుసు. ఆయన మంచిమనిషి, గదికి తానే వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఆ చిన్నదాన్ని సాక్షిగా పెట్టెయ్యండి మేడమ్. ఎవరికి నష్టం? పాపం, నీళ్ళు తాగమంటాడు, అంతేగా."

"సాక్షి వేరే చేతిదై ఉండాలి సార్."

"మీ తమ్ముడి చెయ్యి మీ చెయ్యి కాదుగా."

"పిచ్చుకలో సగం వాడి చెయ్యే సార్."

"పోనీ పాతదాన్ని ఒక కాపీ తీసి దాచుకోండి. అది ఎక్కడికీ పోదు."

ఆ మాట ఆవిడ అప్పటికే ఆలోచించింది. కాపీ తీసి డిస్కులో పెట్టి సొరుగులో పడేసింది కూడా. కానీ అది ఫోటోలాంటిది. పిచ్చుక రేపు పెరుగుతుంది, ఎల్లుండి ఇంకా పెరుగుతుంది, సొరుగులోది అక్కడే ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ వాడు ఆగిపోలేదు, ప్రతి కొత్త కూర్పులోనూ తనతోపాటు నడిచి వచ్చాడు.

ఆ వారమంతా పరీక్ష ముట్టుకోలేదు. తరగతిలో ఒక అమ్మాయి లేచి "నాది సరిగ్గానే నడుస్తోంది మేడమ్" అంటే, సాక్ష్యం అడగకుండా "సరే, కూర్చో" అనేసింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

బస్సులో ఇంటికి వస్తుంటే ఆసుపత్రి ముందు బస్సు ఆగేది. రోజూ ఆగేదే. ఆ వారం మాత్రం ఆ కిటికీల వెనక ఎక్కడో ఒక తల్లి పంపు వంక చూస్తూ, ఈ మిషను లెక్క తప్పదు కదా అని అడుగుతున్నట్టే అనిపించేది. ఎవరో సరిచూసే ఉంటారని ఇంకెవరో జవాబు చెబుతారు. ఆ ఎవరో తనే. తన తమ్ముడి మీద ప్రేమకొద్దీ దొంగసాక్షిని నిలబెట్టి సంతకం పెట్టిన మనిషి. వాడు దాచింది మంచిమాటే. కానీ దాన్ని దాచనిచ్చిన సందులోంచి రేపు ఇంకెవడైనా ఇంకేదైనా దాచొచ్చు, అప్పుడు కూడా సాక్షి ఏమీ లేదనే చెబుతుంది.

వారం తిరిగాక మొద్దు కంపైలర్ని సాక్షిగా పెట్టింది. దానికి చాలాసేపు పట్టింది. ఆవిడ లేవలేదు. చివరికి ఫలితం వచ్చింది, రెండూ ఒకటి కావు. ఆవిడకి ముందే తెలుసు. ఇక మొద్దుదాని చేత తయారైన శుభ్రమైన కంపైలర్ని పాతదాని స్థానంలో పెట్టడమే మిగిలింది. "తీసేస్తాలే అక్కా" అన్నాడు వాడు. వాడు చేస్తానని చెయ్యకుండా వెళ్ళిపోయిన పని ఇది. ఎప్పుడూ వాడి పనులన్నీ చివరికి తన నెత్తినే పడేవి. గుండె రాయి చేసుకుని మీట నొక్కింది.

తరవాత కావాలని తప్పు రాసింది. బ్రాకెట్టు మూయలేదని చెప్పింది కంపైలర్. మళ్ళీ రాసింది, మళ్ళీ అదే చెప్పింది. ఎన్నిసార్లు రాసిందో, విసుగులేకుండా అన్నిసార్లూ అదే మాట చెప్పింది. వాక్యం రాలేదు.

అప్పుడావిడ ఒక పని చేసింది. కంపైలర్ మూలం తెరిచి, అందరికీ కనబడేలాగా, తన చేత్తో తనే ఆ వాక్యాన్ని రాసింది. దాచలేదు కాబట్టి తప్పు లేదనుకుంది. పద్ధతి ప్రకారం పైకి చదవాలి. ఎదురు బల్ల వైపు చూసి, తనే చదువుకుంది. కంపైల్ చేసి, వరసగా తప్పులు చేసింది.

"అక్కా, ఇక చాలు. లేచి మంచినీళ్ళు తాగు."

అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం. ఆవిడ చాలాసేపు చూసింది. తాను రాసినదానికి తనే సాక్ష్యం. తెరమీద ఉన్నవాడు చంటి కాదు, తమ్ముణ్ణి అనుకరిస్తున్న అక్క. ఆ వరుసను చెరిపేసి, శుభ్రమైనదాన్నే మళ్ళీ పెట్టి, పత్రం మీద సంతకం చేసి పెద్దాయన బల్లమీద ఉంచింది. ఆయన చదివి, సాక్షి ఎవరో చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. లోపల్నుంచి తల్లి గొంతు వినిపించింది.

"తమ్ముడేమైనా అన్నాడా?"

దారి పొడుగునా ఈ ప్రశ్నకే జవాబు వెతుక్కుంటూ వచ్చింది. పోయాడమ్మా, నేనే తీసేశాను అని చెప్పాలనుకుంది. నోట్లోంచి వచ్చింది వేరే.

"అన్నాడమ్మా."

"ఏమన్నాడు?"

"ఎప్పుడూ అనేదే. నీళ్ళు తాగమన్నాడు."

తల్లి నవ్వుమొహంతో వచ్చి సంచి అందుకుంది. సీసా బయటికి తీసి, అలవాటు ప్రకారం చెవి దగ్గరికి ఎత్తబోయింది. ఊపి చూడాల్సిన పని లేకపోయింది. బరువు చేతికే తెలిసింది. పొద్దున్న తాను నింపి ఇచ్చినదంతా అలాగే ఉంది.

తల్లి సీసా వంక చూసింది, కూతురి వంక చూసింది. కూతురు తల వంచుకుని చెప్పులు గోడవారగా సర్దుతోంది, సర్దినవే మళ్ళీ సర్దుతోంది. తల్లి వంటింట్లోకి వెళ్ళింది. పెరుగుగిన్నె మీద మూత ఒకసారి తీసి, మళ్ళీ పెట్టిన చప్పుడైంది. తరవాత సీసాలోని నీళ్ళు గ్లాసులోకి వంపి తెచ్చి కూతురి చేతికిచ్చింది.

"తాగు."

కూతురు తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తల్లి అక్కడే నిలబడింది.

"రేపు కూడా అడుగుతాను," అంది, ఖాళీ గ్లాసు అందుకుంటూ. "అన్నాడనే చెప్పు."

"అలాగేనమ్మా," అంది సాక్ష్యం మేడమ్.